మరో ఆధారం లేనప్పుడు

"తాగునీరు" అనేది ప్రభుత్వ కాగితాల్లో మాట. ఇళ్ళల్లో మనం "మంచినీళ్ళు" అంటాం. ఈ మాటలోనే ఒక పరీక్ష ఇమిడి వుంది. మంచివో కావో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే తాగాలని మన పెద్దలు అనుకున్నారు. తేల్చుకోవటానికి వాళ్ళకు కొలతలు లేకపోలేదు. పప్పు ఉడికితే మంచినీళ్ళు, ఉడక్కపోతే ఉప్పునీళ్ళు. సబ్బు నురగ కడితే మంచినీళ్ళు, విరిగిపోతే చవుడు నీళ్ళు. నాలుకకు కమ్మగా తగిలితే మంచినీళ్ళు. బావి తవ్విన ప్రతి కుటుంబమూ ఈ కొలతలతోనే సంసారం చేసింది.

నేను ముప్పయి ఏళ్ళు సైన్సు పంతులుగా పనిచేశాను. అందులో ఎక్కువకాలం వేములపల్లిలో గడిచింది. మిర్యాలగూడ నుంచి నల్లగొండ పోయే దారిలో, నాగార్జునసాగర్ ఎడమకాలువ పక్కన వున్న వూరు అది. కాలువ వచ్చాక అక్కడ వరి పండింది, మిర్యాలగూడలో రైసుమిల్లులు లేచాయి. ఫ్లోరైడు అనగానే జనం తలచుకునేది మర్రిగూడ, మునుగోడు వంటి మెట్ట ప్రాంతాలనే గాని మా వూరిని కాదు. అందుకే నేను చెప్పబోయే సంగతి చిన్నది. కాని చిన్న సంగతిలోనే నా తప్పు నాకు కనిపించింది గనుక దాన్నించే మొదలు పెడుతున్నాను.

1994లో పదో తరగతి పిల్లలచేత నీళ్ళ పరీక్ష చేయించాలనిపించింది. బడి బోరింగు నీళ్ళు, వూరబావి నీళ్ళు, వాడలోని బోరింగు నీళ్ళు, కాలువ నీళ్ళు కడిగిన సీసాల్లో పట్టి, చీటీలు అంటించి ఒక ప్రయోగశాలకు పంపాం. అది ఏ ప్రయోగశాల అన్నది ఇక్కడ అనవసరం. నాలుగు నెలలకు కాగితం వచ్చింది. ఫ్లోరైడు గడిలో రెండు అంకెలు అచ్చువేసి వున్నాయి. కోరదగిన పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము. "మరో ఆధారం లేనప్పుడు" అనుమతించదగిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. వాడలోని బోరింగు నీళ్ళు ఈ రెండు అంకెల మధ్య పడ్డాయి. చివరన "అనుమతించదగినవి" అని రాసి సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం వాడలో ఒక ముసలమ్మ నన్ను ఆపింది. చంకలో రెండేళ్ళ మనవడున్నాడు.

"సీసలల్ల పట్టుకపోయిండ్రు గద సారూ, మంచినీళ్ళేనా, కావా?" అని అడిగింది.

"తాగొచ్చవ్వా. ఏం పర్వాలేదు," అన్నాను.

కాగితంలో వున్నదే చెప్పాను. అబద్ధం చెప్పలేదు. శాస్త్రీయ దృక్పథం గురించి సభల్లో మాట్లాడేవాణ్ణి, అంకె చూసి జవాబు చెప్పాననే తృప్తితో ఇంటికి పోయాను.

2000లో ఆ పిల్లవాడు మూడో తరగతిలో వున్నాడు. పాలపళ్ళు వూడి ముందుపళ్ళు వచ్చాయి. వాటిమీద సుద్దరంగు చారలు, చారల మధ్య పసుపూ గోధుమరంగూ కలిసిన మరకలు. మా ప్రాంతంలో గారపళ్ళు అంటారు. పంటిపై పింగాణీ పొర చిగురులోపల తయారయ్యేది పసితనంలోనే. అప్పుడు ఒంట్లోకి పోయిన ఫ్లోరైడు ఆ పొరను చెడగొడుతుంది. పన్ను బయటికి వచ్చాక ఎంత తోమినా ఆ మరక పోదు. అంటే నేను "తాగొచ్చు" అన్న ఏళ్ళు ఆ పిల్లవాడి నోట్లో రాసి వున్నాయి. ముసలమ్మ నన్నేమీ అనలేదు. నా మాట ఆమెకు గుర్తుందో లేదో కూడా తెలియదు. ఆమె నిలదీసి వుంటే నాకు కొంత తేలికగా వుండేది.

నేనెక్కడ తప్పానని చాలాకాలం ఆలోచించాను. ఆలోచించినకొద్దీ ఈ తప్పు నా ఒక్కడిదీ కాదనీ, ఆ కాగితంలోనే వున్నదనీ అర్థమయింది.

మొదట ఈ వ్యాధి మనకు తెలిసిన కథ చూద్దాం. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధిని గుర్తించి ప్రకటించారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. అంతకు ముందే అక్కడి రైతులు, కొత్తగా కొని తెచ్చిన ఎద్దులు కొంతకాలానికి నడవలేకపోవటం గమనించారని చెబుతారు. డాక్టరుకన్నా ముందు రైతుకు తెలుసు. అయితే రైతుకు తెలిసింది పత్రికల్లో అచ్చు కాదు.

నల్లగొండ గురించి డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో వచ్చింది. సరిగ్గా అదే నెలలో, 10వ తేదీన, నెహ్రూ నాగార్జునసాగర్ కు శంకుస్థాపన చేశారు. జబ్బూ మందూ ఒకే నెలలో లోకానికి తెలిశాయని అనుకోవచ్చు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కాలువ పొలాలకు పోయింది. మెట్టమీది వూళ్ళకు పోలేదు. మెట్టమీద జనం వెన్ను బిగిసి, మెడ తిప్పలేక, చివరికి కాళ్ళు పడిపోయి అలాగే వుండిపోయారు.

ఈ నేల రాతినేల. మన గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల్లో ఫ్లోరైడు వుంది. రాతి సందుల్లో ఎక్కువకాలం నిలిచిన నీళ్ళు దాన్ని కరిగించుకుంటాయి. నీళ్ళలో సున్నపు పాలు, అంటే కాల్షియం, ఎక్కువగా వుంటే ఫ్లోరైడు దానితో కలిసి అడుగుకు దిగిపోతుంది. సున్నం తక్కువైన నీళ్ళలో ఫ్లోరైడు పెరుగుతుంది. ఇప్పుడు మన పాత పరీక్షలు గుర్తు తెచ్చుకోండి. సున్నం తక్కువ వున్న నీళ్ళలోనే పప్పు బాగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురగ కడుతుంది. అంటే చాలాచోట్ల మన పెద్దల కొలత ప్రకారం మంచినీళ్ళే విషపు నీళ్ళయ్యాయి. ఫ్లోరైడుకు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. మరగబెడితే పోదు. పైగా నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. కలరా క్రిమికి ఇంటి ఇల్లాలు ఎసరు పెట్టి జవాబు చెప్పగలదు. ఫ్లోరైడుకు ఇంట్లో జవాబు లేదు. కొలిచే సాధనం, కొలిచే మనిషి, కొలిచినది చెప్పే బాధ్యత వూరికి బయటినుంచి రావాలి. నీళ్ళ నియమాలు ప్రభుత్వం చెయ్యవలసిన పని అనటానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

బోరింగును తిట్టి లాభం లేదు. దిగుడుబావులు వాడిన రోజుల్లో నారిపురుగు మన పల్లెలను పీడించింది. మడమలోంచి మూరెడు పురుగును పుల్లకు చుట్టి లాగినవాళ్ళు మా తరంలో వున్నారు. బోరింగులు వచ్చాయి, బావుల్లోకి దిగటం తగ్గింది, నీళ్ళు వడగట్టటం నేర్పారు. చివరికి 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో నారిపురుగు లేదని ధ్రువీకరించింది. అది చిన్న విజయం కాదు. అదీగాక, వూరబావిమీద చెయ్యి వెయ్యనివ్వని చోట, వాడలో పాతిన బోరింగు కొందరికి మొదటి స్వాతంత్ర్యం. 1927 మార్చి 20న మహద్ చెరువులో అంబేద్కర్ దోసిలితో నీళ్ళు తాగినప్పుడు అడిగిన హక్కు, మన వాడలకు ఇనుపగొట్టం రూపంలో చేరింది. ఆ గొట్టం ఎంతలోతుకు దిగితే అంత ఫ్లోరైడును పైకి తెస్తుందని ఎవరూ చెప్పలేదు. ఇది చరిత్ర చేసే వెక్కిరింత. బోరింగు వెయ్యటం తప్పు కాదు. వేసి, పరీక్షించకుండా, ముప్పయి ఏళ్ళు వదిలెయ్యటం తప్పు.

ఇక ఆ అంకె సంగతి. తాగేనీటికి భారతీయ ప్రమాణం 1983లో వచ్చింది, 1991లో సవరించారు, 2012లో మళ్ళీ సవరించారు. ఫ్లోరైడు విషయంలో 1, 1.5 అనే జంట అంకెలు 1991 నుంచి వున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే అంకె కూడా 1.5. కాని ఆ సంస్థ దాంతోపాటు ఒక మాట చెబుతుంది: దేశదేశాల్లో ఎండ ఎంత, మనిషి రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతాడు, తిండిలో ఫ్లోరైడు ఎంత అన్నది చూసుకుని ఎవరి ప్రమాణం వారు పెట్టుకోవాలని. 1962లో అమెరికా ఆరోగ్యశాఖ ప్రమాణాలు రాసినప్పుడు ఆ పని చేసింది. ఎండ ఎక్కువ వున్న ప్రాంతానికి తక్కువ అంకె, చలి ప్రాంతానికి ఎక్కువ అంకె పెట్టింది. ఎందుకంటే ఒంట్లోకి పోయేది లీటరులోని అంకె కాదు, లీటరులోని అంకెను లీటర్లతో హెచ్చవేస్తే వచ్చేది.

ఈ హెచ్చవేతను మా వూళ్ళో చెయ్యండి. నీడన కుర్చీలో కూర్చున్న నేను రోజుకు రెండు లీటర్లు తాగుతాను. ఎండలో నడుం వంచి నాటు వేసే కూలిమనిషి దానికి రెండింతలో మూడింతలో తాగుతుంది. ఇద్దరికీ ఒకే బోరింగు, ఒకే అంకె, ఒకే "అనుమతించదగినవి". కాని ఆమె ఎముకల్లోకి నాకన్నా రెండింతలో మూడింతలో ఫ్లోరైడు పోతుంది. ప్రమాణం అందరికీ సమానంగా రాసి వుంది. చెమట సమానంగా లేదు.

తిండి సంగతి ఇంకా ముఖ్యమైనది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త సంగతి ప్రకటించారు. ఫ్లోరైడు ప్రాంతాల్లో యువకులకు మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకునేలా కాళ్ళు వంకరపోతున్నాయి. ముసలివాళ్ళలో చూసిన పాత రూపం ఇది కాదు. జొన్న ముఖ్యాహారంగా తినేవారిలో ఇది ఎక్కువ. సాగర్ జలాశయం వచ్చాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి లేచి, నేలలోని ఖనిజాల పొందిక మారి, జొన్నలో మాలిబ్డినం పెరిగి, తిన్నవారి ఒంట్లో రాగి తగ్గిపోవటం దీనికి కారణం కావచ్చునని తర్వాతి పరిశోధనలు సూచించాయి. పాలు, కాల్షియం తగినంత అందే ఒంటికి ఫ్లోరైడు తక్కువ చేటు చేస్తుందన్నది వైద్యులందరూ ఒప్పుకున్న మాట. అంటే ఆకలి వున్న ఇంట్లో ఆ అంకె ఇంకా కిందికి దిగాలి. ప్రమాణం రాసేవారు సగటు మనిషిని కళ్ళముందు పెట్టుకుంటారు. మా వాడలో నేనెప్పుడూ ఆ సగటు మనిషిని చూడలేదు.

ఇంతకూ నేను తప్పింది "మరో ఆధారం లేనప్పుడు" అన్న మూడు మాటల దగ్గర. అంకె చదివాను, షరతు చదవలేదు. ఆ బోరింగుకు రెండు ఫర్లాంగుల దూరంలో కృష్ణ నీళ్ళు పారుతున్నాయి. మరో ఆధారం లేదా? కాలువ నీళ్ళు ఉన్నవి ఉన్నట్టు తాగటానికి పనికిరావు, నిజమే. వడగట్టాలి, క్లోరిన్ కలపాలి. కాలువ కట్టేసిన నెలలకోసం చెరువు నింపి పెట్టాలి. దానికి డబ్బు కావాలి, డబ్బు ఇవ్వాలనే నిర్ణయం కావాలి. కాబట్టి ఆధారం లేకపోవటం ప్రకృతి చేసిన పని కాదు. అది ఎవరో ఒక బల్ల దగ్గర కూర్చుని చేసిన లెక్క. నీళ్ళు ఇవ్వవలసినవాడే "మరో ఆధారం లేదు" అని ప్రకటించి, ఆ ప్రకటనతోనే పరిమితిని సగం పెంచుకోగలిగితే, ఆ ప్రమాణం ఎవరిని కాపాడుతున్నట్టు?

మన ప్రమాణానికి మరో లోపముంది. అమెరికాలో 1974లో తాగేనీటి భద్రతకు చట్టం చేశారు. నీళ్ళిచ్చే సంస్థ ప్రమాణం తప్పితే చట్టం దాన్ని పట్టుకోగలదు, వినియోగదారుకు ఆ సంగతి తెలియజెయ్యాలి. అదే 1974లో మనం చేసింది నీటి కాలుష్య నివారణ చట్టం. అది కలుషితం చేసినవాడిని పట్టుకుంటుంది. రాతిలోంచి వచ్చిన ఫ్లోరైడుకు ముద్దాయి ఎవరు? నీళ్ళు రాష్ట్రాల అధికారంలో వున్నాయి, ప్రమాణం కేంద్ర సంస్థ రాస్తుంది, ఆ ప్రమాణం కుళాయి నీళ్ళకు సలహాగానే మిగిలింది. 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కాలుష్యంలేని నీరు జీవించే హక్కులో భాగమన్నది. హక్కు వున్నది గాని, హక్కు తప్పినప్పుడు వాడలోని మనిషి ఏ గుమ్మం తట్టాలో ఎక్కడా రాసిలేదు.

సీసాలో అమ్మే నీళ్ళ సంగతి చూడండి. 2001 నుంచి వాటికి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేశారు. 2024లో ఆ ముద్ర నిబంధన తీసేసినా, ఆహార భద్రతా చట్టం కింద తనిఖీ, శిక్ష అలాగే వున్నాయి. కొనుక్కునేవాడి నీటికి చట్టం, కొనలేనివాడి నీటికి సలహా. నీళ్ళ నియమాలలో వర్గం లేదనేవారు ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

శాస్త్రం చేతులు కట్టుకు కూర్చున్నదని నేననను. 1975లో నాగపూర్ లోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థవారు పటిక, సున్నం, బ్లీచింగుపొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతి ప్రకటించారు. దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఫ్లోరైడు వున్న దేశాలన్నిటికీ మా జిల్లా పేరు అలా తెలిసింది. పద్ధతి చవక, సరుకులు బజారులో దొరికేవి. కాని నీటి స్వభావాన్నిబట్టి పటిక మోతాదు లెక్కకట్టాలి. రోజూ కలపాలి, అడుగున చేరిన మడ్డి తియ్యాలి, దాన్ని ఎక్కడో పారబొయ్యాలి, నీళ్ళలో అల్యూమినియం మిగలకుండా చూడాలి. జీతమిచ్చి ఒక మనిషిని పెట్టి, అతనికి నేర్పి, అతని పని తనిఖీ చెయ్యాలి. పరిశోధనకు డబ్బిచ్చిన ప్రభుత్వాలు ఈ మనిషికి జీతమివ్వటం దగ్గర ఆగిపోయాయి. శాస్త్రం ప్రయోగశాలలో గెలిచి పంచాయతీ గుమ్మం దగ్గర ఓడటం మనం చాలాసార్లు చూశాం.

జనం ఊరుకోలేదు. 1996 లోకసభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి ఆందోళనలో భాగంగా నిలబడినవారే అందులో ఎక్కువ. బ్యాలటు కాగితం పుస్తకమంత అయింది. గెలిచింది కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. దేశమంతా ఈ ఎన్నికను వింతగా చెప్పుకున్నది. అదే ఏడాది లోకసభ అభ్యర్థి ధరావతు 500 రూపాయలనుంచి 10,000 రూపాయలకు పెంచుతూ చట్టం సవరించారు. నీళ్ళకోసం చట్టం చెయ్యటానికి దశాబ్దాలు చాలని పార్లమెంటుకు, నీళ్ళడిగినవారు మళ్ళీ అలా నిలబడకుండా చట్టం చెయ్యటానికి కొద్ది నెలలు చాలాయి.

2004లో కృష్ణ నీళ్ళు హైదరాబాదు చేరాయి. మా జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుంచి తీసి, కోదండాపురం దగ్గర శుద్ధిచేసి, గొట్టాల్లో పంపారు. హైదరాబాదు మురుగంతా మోసుకుని మూసీ మా జిల్లా మీదుగానే వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. సూర్యాపేట చాలా ఏళ్ళు ఆ మూసీ నీళ్ళే తాగింది. మంచినీళ్ళు ఇటునుంచి అటు, మురుగు అటునుంచి ఇటు. పట్నంలోని శ్రామికుడికి నీళ్ళు పోవద్దని కాదు నా వాదన. మెట్టమీది వూళ్ళకు దశాబ్దాలు లేని "మరో ఆధారం" పట్నానికి ఎలా వుందని మాత్రమే అడుగుతున్నాను.

తర్వాత మార్పు వచ్చింది. దాన్ని ఒప్పుకోకపోవటం నిజాయితీ కాదు. 2015లో చౌటుప్పల్ లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ కింద నది నీళ్ళు శుద్ధిచేసి ఇళ్ళకు పంపారు. 2020 నాటికి కేంద్రం లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు సున్నా అయ్యాయి. మెట్టమీద ఇప్పుడు పుట్టే పిల్లల పళ్ళు వాళ్ళ అన్నల పళ్ళకన్నా తెల్లగా వుంటే అంతకన్నా సంతోషం లేదు. అరవై ఏళ్ళు "సాధ్యం కాదు" అన్నది సాధ్యమేనని ఇది రుజువు చేసింది.

కాని సున్నా అన్నది ఆవాసాల లెక్క. వంగిన వెన్నులు ఆ లెక్కలోంచి తొలగవు. గొట్టం పగిలిన రోజున, మోటారు కాలిన వారంలో, ఆ ఇల్లు మళ్ళీ బోరింగు దగ్గరికే పోతుంది. నల్లా దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా మిగిలి వుండాలని ప్రమాణం చెబుతుంది. చివరి వీధిలో చివరి నల్లా దగ్గర దాన్ని ఎవరు, ఎప్పుడు కొలిచారు? నల్లా వుండి కూడా ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కునే ఇళ్ళు మా ప్రాంతంలో ఎన్నో వున్నాయి. వాళ్ళను మూఢులనుకోకూడదు. చూపించని లెక్కను జనం నమ్మరు.

మనకు కావలసింది పెద్ద రహస్యమేమీ కాదు. నీళ్ళిచ్చే శాఖే వాటిని పరీక్షించి తనకు తానే మార్కులు వేసుకోకూడదు. పరీక్ష ఫలితం తేదీతో, అంకెతో, తెలుగులో పంచాయతీ గోడమీద రాయాలి. ఎవరైనా అధికారి "మరో ఆధారం లేదు" అని రాస్తే, ఎందుకు లేదో, ఎన్నాళ్ళలో తెస్తారో కూడా రాసి సంతకం పెట్టాలి. గడువు దాటితే శిక్ష వుండాలి. ఇవి చట్టమయ్యేదాకా ప్రతి బడిలో సైన్సు పంతులు, ప్రతి కళాశాలలో విద్యార్థి ఈ కాగితాలు చదవటం నేర్చుకోవాలి. అంకెతోపాటు షరతు కూడా చదవాలి. నేను చదవలేదు.

ముసలమ్మ చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆ పిల్లవాడు ఇప్పుడు మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. మొన్న బస్టాండులో కనిపించాడు. పక్కన భార్య, ఆమె చంకలో ఏడాది పాప.

"పాపకు నల్లా నీళ్ళే తాపుతున్నం సారూ. మంచియేనా?" అని అడిగాడు.

అదే ప్రశ్న. ఈసారి నేను తొందరపడలేదు.

"నాకు తెలియదు. పరీక్ష కాగితం పంచాయతీలో వుండాలి. ఆదివారం రా, ఇద్దరం పోయి చూపించమని అడుగుదాం," అన్నాను.

వస్తానన్నాడు.